ముప్పై సెకన్ల తాళం

ఆవిణ్ణి ఫ్యాక్టరీలో అందరూ టంకమ్మ అనేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు అది కాదు లెండి. కానీ ఇరవై ఆరేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని, రేడియోల్లో టీవీల్లో పెట్టే పచ్చ సర్క్యూట్ పలకల మీద పిన్నుల్ని అతికించే టంకం సరిగ్గా పడిందో లేదో భూతద్దంలోంచి చూసి, పడనిచోట మళ్ళీ వేసిన మనిషికి ఇంకే పేరు నిలుస్తుంది? రిటైరై ఐదేళ్ళయింది. చూపు తగ్గలేదు, చెయ్యి వణకలేదు, నోరు అసలే తగ్గలేదు. అలాంటి మనిషికి మతి పోతోందని ఇంట్లో తీర్మానం జరిగింది. చేసింది పరాయివాడా అంటే కాదు, సొంత కొడుకు.

దీనికంతటికీ మూలం ఆవిడ కారు. ఇరవై ఏళ్ళ నాటిది. కొన్నప్పుడు ఆ వీధి మొత్తానికీ అదో వింత, ఎందుకంటే తాళంచెవి మీద బటన్ నొక్కితే నాలుగు తలుపుల తాళాలూ ఒక్కసారే టక్కున తెరుచుకునేవి. ఇన్నేళ్ళూ ఆవిడ మాట జవదాటని బండి, ఈ రెండు నెలల్లో నాలుగుసార్లు ఆవిణ్ణి బయట నిలబెట్టేసింది. తాళాలు లోపల, నాలుగు తలుపులూ బిగుసుకుని, టంకమ్మ రోడ్డు మీద. మొదటిసారి ఇంటి గేటు దగ్గర. తర్వాత కూరల మార్కెట్ బయట ఒకసారి, పళ్ళ డాక్టర్ దగ్గర ఒకసారి, మళ్ళీ గేటు దగ్గర ఒకసారి. రెండో తాళంచెవి కొడుకు ఆఫీసు సొరుగులో ఉండేది. నాలుగుసార్లూ వాడు మీటింగులు వదిలేసి, ముఖం మాడ్చుకుని వచ్చి తలుపు తీశాడు.

"బండే దానంతటదే తాళం వేసుకుంటోందిరా" అని ఆవిడ మొదటిసారి చెప్పింది, రెండోసారి చెప్పింది. మూడోసారి వాడు నవ్వాడు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందమ్మా నీ వరస."

అయినా కన్నతల్లి మాట కదాని బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ మెకానిక్ బటన్ పదిసార్లు నొక్కాడు. తెరుచుకుంది, మూసుకుంది. కూర్చుని స్టార్ట్ చేశాడు, ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. "బండి బంగారంలా ఉందమ్మా, ఏ లోపం లేదు" అన్నాడు. బండిలో లేకపోతే ఆ లోపం ఇంకెక్కడుందో ఆయన నోటితో అనలేదు. టంకమ్మ వైపు మాత్రం కాస్త జాలిగా చూశాడు.

అసలు పుండు మీద కారం పడింది ఆ తర్వాత వారం. కొడుకు ఏదో ఫోటో చూపిద్దామని ఫోన్ చేతికిచ్చాడు. ఆవిడ వేలు ఎక్కడ తగిలిందో ఏమో, ఒక జాబితా తెరుచుకుంది. తారీఖులతో సహా ఉంది. 'పాలు పొంగిపోయాయి. పక్కింటావిడ పేరు గుర్తు రాలేదు. తాళాలు బండిలో, మూడోసారి. చెప్పిందే మళ్ళీ చెప్పింది. తాళాలు బండిలో, నాలుగోసారి.' పాలు ఎవరింట్లో పొంగవండీ? పక్కింటావిడ వచ్చి పదిహేను రోజులు కాలేదు! చెప్పింది మళ్ళీ ఎందుకు చెప్పిందీ అంటే, మొదటిసారి చెప్పినప్పుడు ఈ సుపుత్రుడు వినలేదు కాబట్టి.

"ఏమిట్రా ఇది, నా మీద చిత్రగుప్తుడి చిట్టా?" అని అడిగింది.

"మతిమరుపు చూసే డాక్టర్ రాసుకోమన్నాడమ్మా. సోమవారం నిన్ను తీసుకెళ్తున్నాను. ఇంకో మాట... బండి అమ్మేద్దాం. ఆదివారం పదింటికి కొనేవాళ్ళు వస్తున్నారు. రేపెప్పుడో బండి నడుపుతూ నడుపుతూ ఏదైనా మర్చిపోతే?"

"ఏం మర్చిపోతాను, బ్రేకు ఎక్కడుందో మర్చిపోతానా?"

వాడు ఫోన్ లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

పైకి అంత గట్టిగా అరిచిందే గానీ, నిజం చెప్పుకోవాలంటే టంకమ్మకీ లోపల భయం పట్టుకుంది. స్టవ్ కట్టేసి మూడుసార్లు చూసుకుంటోంది. కూరల కోసం వెళ్తే అరచేతిలో రాసుకుంటోంది. మాట మధ్యలో ఒక పేరు తట్టకపోతే, అది తట్టేదాకా ఇంకో మాట ఎత్తడం లేదు. తాళాలు సీటు మీద పెట్టాను, తాళం వెయ్యలేదు, అది నాకు గుర్తుంది. మరి గుర్తుందని అనుకోవడం కూడా జబ్బులో భాగమేమో? ఈ ప్రశ్న ఆవిణ్ణి తినేస్తోంది. బండి పోతే పోనీ, కానీ తన బుర్రని తానే నమ్మలేని బతుకు ఏం బతుకండీ?

గురువారం పొద్దున కొడుకూ కోడలూ ఉద్యోగాలకి వెళ్ళాక, బండిలో ఉన్న తన సామాన్లు తెచ్చుకుందామని వెళ్ళింది. గొడుగు, నల్ల కళ్ళద్దాలు, ముందు సొరుగులో బండితో వచ్చిన పాత పుస్తకం. తలుపు తీసి వంగింది. లోపల చీకటిగా ఉంది. తలుపు తీయగానే పైన వెలగాల్సిన చిన్న దీపం వెలగలేదు.

బల్బు పోయిందనుకుని చేత్తో స్విచ్ నొక్కింది. వెలిగింది! అంటే బల్బు బాగానే ఉంది. తలుపు తీస్తే మాత్రం వెలగడం లేదు. టంకమ్మ కాసేపు అలాగే ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని నిలబడింది. తర్వాత కూర్చుని ఆ పాత పుస్తకంలో తాళాల పేజీ తీసింది. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. బటన్‌తో తాళం తీశాక ముప్పై సెకన్లలో ఏ తలుపూ తెరవకపోతే, దొంగల భయం లేకుండా తాళాలు వాటంతటవే పడిపోతాయని రాసుంది.

తెరవకపోతే. కానీ ఆవిడ తెరిచిందే! తెరిచి, సంచీ, తాళాలు సీటు మీద పడేసి, తలుపు మూసి, గేటు తీయడానికి వెళ్ళేది. మార్కెట్లోనూ అంతే, తాళాలు సీటు మీద పెట్టి, మిగతా సంచీలు తేవడానికి వెనక్కి వెళ్ళేది. తలుపు తెరిచిన సంగతి ఆ బండికి తెలియకపోతే? దీపం వెలగనిదీ అందుకే అయితే? మెకానిక్ గానీ కొడుకు గానీ తలుపు తీయగానే కూర్చుని స్టార్ట్ చేస్తారు, కాబట్టి వాళ్ళకి ఆ ముప్పై సెకన్లు ఎప్పుడూ పూర్తి కావు.

ఆవిడ బయటికొచ్చింది. తాళంచెవి గుప్పిట్లో గట్టిగా పట్టుకుని, బటన్ నొక్కి, తలుపు తీసి, మూసి, చేతి గడియారం చూస్తూ నిలబడింది. పది. ఇరవై. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది...

టక్.

నాలుగు తలుపులూ బిగుసుకున్నాయి. టంకమ్మకి నెత్తిన పాలు పోసినట్టయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ టక్. ఇంకోసారి చేసింది, అప్పటికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా నవ్వుతోంది. "నాకేం కాలేదు, నాకేం కాలేదు" అని బండి చుట్టూ తిరుగుతూ పైకే అనేసింది. ఎవరైనా చూసుంటే ఆ జాబితాలో ఇంకో వరస చేరేది.

ఇక ఆగుతుందా? ఫ్యాక్టరీ నాటి నీలం కోటు తొడుక్కుంది, టంకం సామాన్ల పెట్టె తెచ్చుకుంది. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ మూత నాలుగు స్క్రూలు విప్పితే, లోపల సబ్బుపెట్టెంత నల్ల డబ్బా. తాళాల పెత్తనమంతా దానిదే. ప్లగ్గు లాగి, డబ్బా విప్పి, పలకని వెలుతురులో పెట్టి భూతద్దం కంటికి ఆనించింది. వరసగా పదహారు పిన్నులు. పదకొండో పిన్ను చుట్టూ, టంకంలో, వెంట్రుక మందాన గుండ్రంగా ఒక పగులు. తలుపుల నుంచి వచ్చే కబురు ఆ పిన్ను దాకా వస్తోంది, అక్కడే ఆగిపోతోంది. ఇరవై ఏళ్ళు తలుపులు ధడేల్ ధడేల్ మని వేస్తే ఏ టంకం మాత్రం నిలుస్తుంది?

ఇక్కడ టంకమ్మ ఒక పొరపాటు చేసింది. ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు, ఇరవై ఆరేళ్ళ చెయ్యి మాత్రమే చెయ్యగలిగింది. ఫ్యాక్టరీలో ఒక నియమం ఉండేది. తప్పు కనబడితే ముందు దాని పక్కన ఎర్ర బాణం అంటించాలి, సూపర్‌వైజర్‌కి చూపించాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. టంకమ్మకి ఆ బాణం అంటే మొదట్నుంచీ చిరాకు. కనబడ్డ తప్పుని దిద్దక దానికి బొట్టు పెట్టి కూర్చోవడమేంటని ఎన్నిసార్లు తిట్లు తిన్నదో. ఇప్పుడూ అంతే. కాలిన టంకం సూది పిన్నుకి తగిలింది, టంకం కరిగింది, మూడు సెకన్లలో పగులు మాయమై, అద్దంలా మెరిసే టంకం నిలబడింది. తర్వాతే బుర్ర పని చేసింది.

అన్నీ బిగించి, తలుపు తీసింది. దీపం వెలిగింది. ముప్పై లెక్కపెట్టింది, అరవై లెక్కపెట్టింది, నూరు లెక్కపెట్టింది. తాళం పడలేదు. "శభాష్" అనుకుంది. అనుకుని, అక్కడే నీరుకారిపోయింది. బండి బాగైపోయింది. ఇప్పుడు చెడిందని దేన్ని చూపిస్తుంది? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ సూదిని పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

సాయంత్రం కొడుక్కి చెప్పింది. ముప్పై సెకన్లు, దీపం, పదకొండో పిన్ను, అన్నీ చెప్పింది. వాడు ఓపిగ్గా విన్నాడు. బండి దగ్గరికి వచ్చి బటన్ నొక్కి, తలుపు తీసి, మూసి, రెండు నిమిషాలు నిలబడ్డాడు. ఏమీ కాలేదు.

"చూశావా, బాగానే ఉందిగా."

"నేను బాగు చేశాను కాబట్టి బాగుందిరా!"

"అలాగే అమ్మా" అన్నాడు వాడు.

ఆ 'అలాగే అమ్మా' వినాలి మీరు. చంద్రుణ్ణి తెచ్చిపెట్టమని ఏడ్చే పసివాడితో మాట్లాడే గొంతు. అని, పక్కకి తిరిగి ఫోన్లో ఏదో టైపు చేశాడు. ఏం రాశాడో చూడక్కర్లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం వాడు, చిన్నప్పట్నుంచీ అంతే. టంకమ్మకి ఒంట్లో ఉన్న రక్తమంతా ముఖంలోకి వచ్చింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకుండా ఊరుకుందంటే భయపడాలని వాడికి తెలియాల్సింది.

శుక్ర శనివారాలు గడిచాయి. ఆదివారం ఆరింటికి, ఇంకా ఎవరూ లేవకముందే, కోటు తొడుక్కుని మళ్ళీ బండి దగ్గరికి వెళ్ళింది. డబ్బా విప్పింది. ఇప్పుడు తాను వేసిన టంకాన్ని తానే తీసెయ్యాలి. ఎంతలో పని! కానీ చెయ్యి రాలేదు. ఇరవై ఆరేళ్ళలో ఎన్ని లక్షల టంకాలు వేసిందో, తెలిసి తెలిసి ఒక్కటీ పాడుచెయ్యలేదు. సూది పిన్ను దాకా వెళ్తుంది, వెనక్కి వస్తుంది. "నిండా మునిగాక చలేంటే, కానివ్వు" అని తన చేతిని తానే గదమాయించింది. టంకం కరిగించి, చిన్న పంపుతో పీల్చేసింది. పిన్ను బోడిగా మిగిలింది. అన్నీ బిగించి చూసుకుంది. దీపం లేదు. ముప్పై సెకన్లకి టక్. కొనేవాళ్ళకి ఇవ్వాలని కొడుకు ఆఫీసు నుంచి తెచ్చి గోడకి తగిలించిన రెండో తాళంచెవి తీసి కోటు జేబులో వేసుకుంది.

తొమ్మిదిన్నరకి కొడుకు బకెట్టూ గుడ్డా పట్టుకుని దిగాడు, కొనేవాళ్ళు వచ్చేలోగా బండి కడుగుదామని. టంకమ్మ మెట్ల మీద కూర్చుని పేపర్ చదువుకుంటోంది.

"ఇక్కడంతా బురద చెయ్యకు. గేటు తీసి, బండి బయట పెట్టి కడుక్కో" అంది పేపర్లోంచి తలెత్తకుండా.

వాడు తల్లి తాళంచెవి తీసుకుని బటన్ నొక్కాడు, తలుపు తీశాడు. పాటలు పెట్టుకుని ఫోన్‌ని స్టీరింగ్ పక్కన నిలబెట్టాడు, తాళాలు సీటు మీద పడేశాడు, తలుపు వేశాడు. గేటు గడియ తుప్పు పట్టి ఉంటుంది, దాన్ని అటూ ఇటూ ఆడించాలి. వాడు ఆడిస్తూ ఉండగా వెనక టక్కుమంది. పాటల గోలలో వాడికి వినబడలేదు. గేటు తెరిచి, వెనక్కి వచ్చి తలుపు లాగాడు. రాలేదు. ఇంకో తలుపు లాగాడు. నాలుగూ లాగాడు. జేబులు తడుముకున్నాడు. అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూశాడు. లోపల పాట ఆగి ఫోన్ మోగడం మొదలుపెట్టింది. కొనేవాళ్ళే.

"ఏం నాయనా, తాళాలు లోపల మర్చిపోయావా?" అంది టంకమ్మ.

"మర్చిపోలేదమ్మా! సీటు మీద పెట్టాను, నాకు గుర్తుంది! తాళం నేను వెయ్యలేదు, అదే..." అని అక్కడ ఆగిపోయాడు.

ఆవిడ పేపర్ని మెల్లగా మడత పెట్టింది. "ఊఁ, చెప్పు. అదే పడిపోయిందా? ఈ మాట నేను నీకు నాలుగుసార్లు చెప్పానురా."

ఈ గొడవకి కోడలు బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడింది. కొడుకు ముఖం ఎర్రబడింది. తెలివైనవాడు కదా, క్షణంలో అందుకున్నాడు.

"నువ్వే ఏదో చేశావు. గురువారం బాగానే ఉంది కదా?"

"చేశాను. పొద్దున ఆరింటికి పదకొండో పిన్ను టంకం నేనే తీసేశాను."

"చూశావా! నువ్వే పాడుచేసి నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నావా? ఇంతకుముందు పాడైందనడానికి దీంట్లో సాక్ష్యం ఏముంది?"

టంకమ్మ లేచి నిలబడింది. "సాక్ష్యం కావాలా? నేనే సాక్ష్యం. ఏ రోగం ఎక్కడుందో నేను పట్టుకున్నాను. బాగుచేశాను. నువ్వు నమ్మలేదని అదే రోగం, అదే చోట, మళ్ళీ తెప్పించాను. నువ్వు ఎన్నో సెకనుకి బయట నిలబడతావో ముందే లెక్కపెట్టి కూర్చున్నాను. మతి పోయిన మనిషి చేసే పనేనా ఇది? నీ మెకానిక్‌ని చెయ్యమను! నీ డాక్టర్ని చెయ్యమను!"

వాడు బిగుసుకున్న తలుపుని ఇంకోసారి లాగి చూశాడు. అప్పుడు గుమ్మంలోంచి కోడలి గొంతు వచ్చింది, చాలా చిన్నగా.

"అత్తయ్యా... నాక్కూడా పడింది."

ఇద్దరూ తిరిగారు.

"పోయిన నెల, బండి నేను తీసుకెళ్ళిన రోజు, మా ఆఫీసు ముందు. బ్యాగూ తాళాలూ లోపల పెట్టి, మర్చిపోయిన ఫైలు కోసం లోపలికెళ్ళొచ్చేసరికి బిగుసుకుపోయింది. అద్దం కాస్త దిగి ఉంటే వాచ్‌మన్ తీగ పెట్టి తీశాడు. నేనే పరధ్యానంలో తాళం వేశాననుకున్నాను. తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పలేదు."

"చెప్పి ఉంటే నాకీ గతి పట్టేదా అమ్మాయ్?" అంది టంకమ్మ.

"చెబితే నా పేరు మీద కూడా ఇంకో జాబితా మొదలుపెడతారేమోనని భయమేసింది అత్తయ్యా. తప్పైపోయింది" అంది కోడలు, మొగుడి వైపు చూడకుండా.

లోపల ఫోన్ ఆగి, మళ్ళీ మోగింది. టంకమ్మ జేబులోంచి రెండో తాళంచెవి తీసి, తలుపులో పెట్టి తిప్పింది. ఫోన్ అందుకుని తానే ఎత్తింది. "రాకండి బాబూ, బండి అమ్మడం లేదు. కాదు, ఎవరూ మోసం చెయ్యడం లేదు. బండి నాది, నేనే నడుపుకుంటాను" అని పెట్టేసింది.

"ఒరేయ్, టార్చి పట్టుకో."

వాడు పట్టుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, స్టీరింగ్ కిందకి వెలుతురు పట్టాడు. ఆవిడ డబ్బా విప్పి, భూతద్దం వాడి చేతికిచ్చి పదకొండో పిన్ను చూపించింది, తర్వాత టంకం వేసింది. వేసిన తర్వాత కూడా చూపించింది. వాడు రెండుసార్లూ చూశాడు. తలుపు తీసి మూస్తే దీపం వెలిగి ఆరింది. ముప్పై సెకన్లు ముగ్గురూ గడియారం చూస్తూ నిలబడ్డారు, ఏ తాళమూ పడలేదు.

"అమ్మా, నీ మాట వినకపోవడం నా తప్పు" అన్నాడు వాడు. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నాడు కూడా. "రేపు డాక్టర్ దగ్గరికి వద్దులే."

ఆవిడ బండిలో కూర్చుని సీటు ముందుకి జరుపుకుంది. అద్దం సరిచేసుకుంది. ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

"నువ్వు నన్ను నమ్మలేదని కాదురా నా ఏడుపు. అది చిన్నప్పట్నుంచీ నీకు అలవాటే. నీ మాట విని రెండు నెలలు నన్ను నేనే నమ్మలేదు. స్టవ్ దగ్గరికి మూడుసార్లు వెళ్ళి చూసుకున్నాను. చేతి మీద కూరగాయల పేర్లు రాసుకున్నాను. ఇంకోసారి నీ కోసమే కాదు, ఎవరి కోసమూ నన్ను నేను అనుమానించుకోను" అంది. అని గేరు వేసి, బండిని వెనక్కి తీసింది.